పదుగురు వ్రాసే పొత్తమూ, మన బంగారు గనులూ

1802వ సంవత్సరంలో మైసూరు సంస్థానపు తూర్పు సరిహద్దును కొలిచే పనిమీద వచ్చిన లెఫ్టినెంటు జాన్ వారెన్ అనే దొర, ఈ సీమ మట్టిలో బంగారమున్నదన్న జనవాక్యాన్ని విని, దానిని కన్నుల చూపినవారికి బహుమానం ఇస్తానని చాటించినాడు. ఉరిగాం గ్రామస్థులు ఎడ్లబండిమీద మట్టి తెచ్చి, దొర ఎదుటనే నీళ్ళలో కడిగి, అడుగున మిగిలిన బంగారపు రజను చూపినారు. దొర ఆ సంగతిని వ్రాసి పెట్టినాడు. 1804లో అది అచ్చయినది. అటుపిమ్మట దానిని లోకం మరచినది. తిరిగి 1871లో, న్యూజీలాండు యుద్ధంలో పనిచేసి వచ్చి బెంగుళూరు దండులో కాపురమున్న మైకేల్ లావెల్ అనే ఐరిష్ మాజీ సిపాయి ఆ పాత వ్రాతను చదివినాడు. చదివి ఊరుకొనక బండి కట్టించుకొని కోలారు సీమకు వచ్చినాడు. 1873లో మైసూరు ప్రభుత్వంవారిని గనుల తవ్వకానికి అనుమతి అడిగినాడు. ఆయన చేతి డబ్బు చాలలేదు. హక్కులు చేతులు మారినవి. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు ప్రవేశించినారు. తక్కిన కథ మన తాతముత్తాతల కథ.

ఈ వృత్తాంతం మన పాఠకులకు క్రొత్త కాదు. మేము దీనిని మరల ఎత్తుకొన్న కారణం వేరు. బంగారం సంగతి తెలిసినవారు గ్రామస్థులు. మట్టిని ఎక్కడ త్రవ్వవలెనో, ఎట్లా కడగవలెనో తెలిసినవారు వారే. వారెన్ దొర ఆ తెలివిని కాగితంమీద పెట్టినవాడు మాత్రమే. అయినా అరువది ఏడేండ్ల తరువాత లావెల్ చేతికి అందినది కాగితంమీది మాట గాని నోటిమాట కాదు. వారెన్ పేరు నిలిచినది. లావెల్ పేరిట బెంగుళూరులో ఒక వీధియే ఉన్నది. బండి తోలుకొని వచ్చి మట్టి కడిగి చూపినవారి పేర్లు ఒక్కటైనా మనకు దక్కలేదు.

తెలిసినవారే స్వయంగా వ్రాసుకొనే వీలు, వ్రాసినవారి పేరు చెరగకుండా నిలిచే వీలు ఉంటే ఎట్లుండునో ఆ గ్రామస్థులు ఊహించి ఉండరు. ఇప్పుడు అట్టి వీలు ఒకటి ఏర్పడినది. మన సంఘంలోని పిన్నలు దినమూ దానిని చూస్తున్నారు. పెద్దలలో పెక్కుమంది పేరు వినియే ఉన్నారు. అది వికీ అనబడే పద్ధతి. ఇది ఎట్లు పుట్టినది, ఎట్లు నడుస్తున్నది, మన కోలారు బంగారు గనులవారికి దీనితో ఏమి పని, అనే మూడు సంగతులను ఈ ఉగాది సంచికలో విన్నవించదలచినాము.

ముందుగా ఒక తారీఖుల విచిత్రం చెప్పవలె. వికీపీడియా అనే సర్వజన విజ్ఞాన సర్వస్వాన్ని జిమ్మీ వేల్స్, లారీ శాంగర్ అనే ఇద్దరు అమెరికావారు 2001 జనవరి 15వ తేదీన ప్రారంభించినారు. మన భారత్ గోల్డ్ మైన్స్ గనులు మూతపడినది 2001 ఫిబ్రవరి 28వ తేదీన. నడుమ ఆరు వారాలు. నూట ఇరువది ఏండ్లపాటు మూడు కిలోమీటర్లకు మించిన లోతువరకు దిగి పనిచేసినవారి తెలివి అంతా వీధిన పడిన ఆ దినాలలోనే, ఎవరి తెలివి వారు తెచ్చి పోయగల గాదె ఒకటి లోకంలో తెరువబడినది. ఆనాడు రాబర్ట్‌సన్‌పేటలో గాని, మారికుప్పంలో గాని ఆ గాదె సంగతి ఎరిగినవారు ఎందరు? ఉన్నా, అప్పుడు అందరి దృష్టీ రావలసిన బాకీలమీదా, ఖాళీ చేయవలసిన కంపెనీ ఇండ్లమీదా ఉన్నది గాని చరిత్రమీద లేదు.

వికీ అన్న మాట హవాయి దీవుల భాషది. 'వికీ వికీ' అంటే త్వరత్వరగా అని అర్థం. వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ఆయన 1995 మార్చిలో, చదివేవాడు ఎవడైనా ఆ పుటను అప్పటికప్పుడే దిద్దగల ఏర్పాటును కల్పించి దానికి ఈ పేరు పెట్టినాడు. అంతకు మునుపు అచ్చుపుస్తకంలో తప్పు కనబడితే మనమేమి చేసేవారము? అంచున సీసపుకడ్డీతో దిద్దుకొనేవారము. ఆ దిద్దుబాటు మన ప్రతిలోనే ఉండేది. ఓపిక గలవారు ప్రకాశకులకు కార్డు వ్రాసేవారు. వికీలో చదువరి దిద్దిన దిద్దుబాటు లోకంలోని అన్ని ప్రతులలోను ఒక్కసారే దిద్దబడుతుంది. ఇందులోని క్రొత్తదనమంతా ఇదే. మిగిలినదంతా దీనివలన పుట్టిన చిక్కులు, ఆ చిక్కులకు కనిపెట్టిన విరుగుళ్ళు.

ఈ పద్ధతిమీద నడిచేవి ఎన్నో ఉన్నవి. వానిలో 'పని ఎట్లు చేయవలె' అన్నదానినే పట్టుకొని నడిచేది వికీహౌ. జాక్ హెరిక్ అనే ఆయన 2004లో ఈహౌ అనే సంస్థను కొన్నాడు. అది కూలి యిచ్చి వ్రాయించిన పాఠాలతో నడిచేది. లోకంలోని పనులన్నిటికీ కూలి యిచ్చి పాఠాలు వ్రాయించడం అయ్యేపని కాదని ఆయనకు తోచి, 2005 జనవరి 15న, వికీపీడియా పుట్టినరోజునాడే, ఎవరైనా వ్రాయదగిన వికీహౌను తెరచినాడు. మరుసటి ఏడు ఈహౌను అమ్మివేసినాడు. అందులో ప్రతి పాఠానికీ ఒక పని శీర్షిక: కుట్టు ఎట్లా విప్పవలె, కొళాయి కారితే ఎట్లా ఆపవలె, మొదలైనవి. పని మెట్లుమెట్లుగా విడగొట్టబడి ఉంటుంది. ఒకరు మూడు మెట్లు వ్రాస్తారు. మరొకరు వచ్చి రెండవ మెట్టుకు మునుపు కరెంటు ఆపివేయవలెనని చేరుస్తారు. ఇంకొకరు బొమ్మ వేస్తారు. నాలుగవవారు అచ్చుతప్పులు దిద్దుతారు. క్రొత్తగా వచ్చిన ప్రతి దిద్దుబాటును చూసి పోయే కాపలావారుంటారు. వారున్ను చాలవరకు మనవంటి చదువరులే. హిందీతో సహా పలు భాషలలో ఇది నడుస్తున్నది. వైద్యం వంటి విషయాలలో ఇటీవల నిపుణులచేత చూపించుకొంటున్నారు. అది మంచి పని. జ్వరానికి మందు పదిమంది చేతులెత్తి తేల్చే విషయం కాదు గదా.

తెలుగువారికి ఈ పదుగురి వ్రాత క్రొత్త అనుకొనరాదు. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించినవారిలో ముఖ్యులైన కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు, ఆంగ్లేయులకున్నట్టి విజ్ఞాన సర్వస్వం మనకూ ఉండవలెనని సంకల్పించి, పండితులను కూడగట్టి పనికి పూనుకొన్నారు. మూడు సంపుటములు వెలువడినవి. అప్పటికి 'అ' అక్షరం దాటలేదు. 1923లో పంతులుగారు నలువది ఆరేండ్ల వయస్సులోనే మరణించినారు. ఆంధ్రపత్రికాధిపతి కాశీనాథుని నాగేశ్వరరావుగారు తరువాత దానిని పైకెత్తుకొన్నారు; వారును 1938లో గతించినారు. పిమ్మట 1947లో మదరాసులో ఏర్పడిన తెలుగు భాషా సమితివారు అకారాదిని విడిచి, విషయానికొక సంపుటం చొప్పున వేయించినారు. ఇవన్నీ పెద్దలు పిలిచి వ్రాయించిన గ్రంథాలు. పిలుపు అందినవారే వ్రాసేవారు. ధనం, ఆయుస్సు, కాగితం ఈ మూటిలో ఒకటి తరిగితే గ్రంథం ఆగిపోయేది.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జునగారి పూనికతో మొదలైనది. ఆంగ్లపు మీటలతో తెలుగు టైపు చేయడానికి ఆయన 'పద్మ' అనే లిప్యంతరీకరణ సాధనాన్ని కూడ తయారు చేసినారు. అది సామాన్యమైన మేలు కాదు. తెలుగు తెరమీద కనబడడమే గగనమైన రోజులవి. మొదట చాలకాలం వ్యాసాలు వేళ్ళమీద లెక్కించదగినట్లే ఉండినవి. తరువాత దేశంలోను విదేశాలలోను ఉన్న తెలుగువారు కొందరు రాత్రుళ్ళు తీరిక చేసుకొని వ్రాసినారు. ఇప్పుడు వ్యాసాల సంఖ్య లక్ష దాటినది. 2014లో విజయవాడలో పదేండ్ల పండుగ చేసుకొన్నారు. అక్కడ బాగా పనిచేసినవారికి ఇచ్చే పురస్కారానికి కొమర్రాజు లక్ష్మణరావుగారి పేరే పెట్టుకొన్నారు. 'అ' దగ్గర ఆగిన గ్రంథాన్ని వీరు మరచిపోలేదన్నమాట.

లక్ష అన్నంతమాత్రాన మురిసిపోవలసినదీ లేదు. అందులో రెండు మూడు వాక్యాలతో ఆగిన వ్యాసాలు వేలకొద్ది ఉన్నవి. వానిని వారు 'మొలకలు' అంటారు. పేరు ముద్దుగానే ఉన్నది. నీరు పోసేవారు లేక ఏండ్లతరబడి మొలకలుగానే మిగిలినవీ చాలా ఉన్నవి. 2009 మొదలు రెండేండ్లపాటు గూగుల్ కంపెనీవారు యంత్రపు సాయంతో అనువాదాలు చేయించి తెలుగుతోపాటు మరికొన్ని భారతీయ భాషల వికీపీడియాలలో గుమ్మరించినారు. ఆ తెలుగు చదివితే, పదాలు మనవే గాని మాట మనది కాదని తోచేది. వానిని దిద్దలేక అక్కడివారు పడిన అవస్థ ఇంతింత కాదు.

ఇక అది నడిచే తీరు. ప్రతి వ్యాసానికీ పైభాగాన 'మార్చు' అనే మీట ఉంటుంది. నొక్కితే వ్యాసం దిద్దడానికి తెరుచుకొంటుంది. దిద్ది ప్రచురిస్తే ఆ క్షణమే లోకానికి కనబడుతుంది. చేయి తిరగనివారు ముందుగా వ్రాసి చూసుకొనడానికి 'ప్రయోగశాల' అని ఒక పుట ఉన్నది. దీనికి పక్కనే 'చరిత్ర' అని ఇంకొక మీట ఉన్నది. మా దృష్టిలో దీనిదే అసలు గొప్పతనం. వ్యాసం పుట్టిన దినం మొదలు ఎవరు, ఏ తేదీన, ఏ గంటకు, ఏ మాట చేర్చినారో, ఏ మాట తీసివేసినారో అంతా అక్కడ వరుసగా నిలిచి ఉంటుంది. ఎవడైనా కొంటెవాడు వ్యాసమంతా తుడిచివేసినా, వెనుకటి ప్రతిని ఒక్క నొక్కుతో తిరిగి నిలబెట్టవచ్చును. చెరపడానికి పట్టే కాలంకంటె బాగుచేయడానికి పట్టే కాలం తక్కువ కావడంచేతనే ఈ ధర్మసత్రం ఇంతకాలం కూలకుండా నిలిచినది. 'ఇటీవలి మార్పులు' అనే పుటలో ఎక్కడెక్కడ ఏమి మారినదో ఎప్పటికప్పుడు కనబడుతుంది. తమకు ఇష్టమైన వ్యాసాలను 'వీక్షణ జాబితా'లో పెట్టుకొన్నవారికి అవి మారగానే తెలుస్తుంది. తగవు మరీ ముదిరితే నిర్వాహకులు ఆ పుటకు కొన్నాళ్ళు తాళం వేస్తారు. వీరికి జీతం లేదు, తోటివారు ఎన్నుకొంటారు.

వ్యాసానికి వెనుక 'చర్చ' అనే పుట ఒకటి ఉంటుంది. అభిప్రాయభేదాలు అక్కడ తేల్చుకొంటారు. అందరికీ చెందిన విషయాలకు ప్రత్యేకంగా ఒక చోటున్నది. దానికి 'రచ్చబండ' అని పేరు పెట్టినారు. మన ఊళ్ళలో వేపచెట్టు క్రింద నుండి మాయమవుతున్న రచ్చబండ అక్కడ బ్రతికి ఉన్నది. మేము చూసినంతవరకు అక్కడి వాదాలూ అచ్చం రచ్చబండ వాదాలే: కొన్ని సారమున్నవి, కొన్ని పంతానికి సాగేవి, కొన్ని తెల్లవారేవరకు తెగనివి.

వ్రాసేవారు పాటించవలసిన కట్టుబాట్లు కొన్ని ఉన్నవి. ఏ పక్షమూ వహించక వ్రాయవలె. చెప్పినదానికి అచ్చయిన ఆధారం చూపవలె. తాను స్వయంగా కనిపెట్టిన సంగతిని మొట్టమొదట అక్కడే వ్రాయరాదు. వ్రాసినదానిని వ్రాసినవారి పేరు చెప్పి ఎవరైనా వాడుకొనవచ్చును, తిరిగి అచ్చు వేసుకొనవచ్చును. క్రొత్తవారు నొచ్చుకొనేది రెండవ, మూడవ కట్టుబాట్ల దగ్గరనే. మన గనులవారికి చిక్కు వచ్చేది కూడ అక్కడనే.

ఒక ఉదాహరణం చెప్పుతాము. కోలారు బంగారు గనులలో విద్యుత్తు ఎప్పుడు వచ్చినది? శివసముద్రం జలపాతం నుండి 1902లో వచ్చినది. దీనికి ఆధారాలు కొల్లలు. గనులు జాతీయమైనది ఎప్పుడు? 1956లో మైసూరు ప్రభుత్వం తీసుకొన్నది, 1962లో కేంద్రానికి అప్పగించబడినది, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడినది. దీనికీ కాగితాలున్నవి. 1965లో ఆ లోతులోనే శాస్త్రజ్ఞులు వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలను పట్టుకొన్నారు; విజ్ఞాన పత్రికలలో అచ్చయినది. 1930లో వ్రేలిముద్రల నమోదుకు ఎదురుతిరిగి పనివారు సమ్మె కట్టినారు; జానకీ నాయర్‌గారు మైసూరు కార్మికులపై వ్రాసిన గ్రంథంలో గనుల పనివారి చరిత్ర విపులంగా ఉన్నది. శాసనాలు కావలెనంటే 1905లో అచ్చయిన ఎపిగ్రాఫియా కర్ణాటికా పదవ సంపుటమంతా కోలారు జిల్లాదే. అందులో తెలుగు శాసనాలున్నవి. ఇవన్నీ ఆ వికీలో నిర్భయంగా వ్రాయవచ్చును.

ఇప్పుడు రెండవ వైపు చూడండి. చిత్తూరు సీమ నుండి, నాటి ఉత్తరార్కాటు పల్లెల నుండి తెలుగువారు గనులకు ఎట్లా వచ్చినారు? ఏ కరువు తరిమినది, ఏ మేస్త్రీ ముందుగా రొక్కమిచ్చి పిలుచుకొని వచ్చినాడు? వారి పక్కనే అంతకంటె పెద్ద సంఖ్యలో తమిళులు ఉండగా, రేకుల ఇండ్ల వరుసలలో ఏ భాష ఏ భాషతో ఎట్లా కలిసినది? రాతి ఉష్ణం అరువది డిగ్రీలు దాటిన లోతులో పనివాడు తన ఒంటిని ఎట్లా కాపాడుకొనేవాడు? 'ఎయిర్ బ్లాస్ట్' అని మనవారు పిలిచిన రాతి ప్రేలుడు రాబోతున్నదని పాత పనివారు ఏ చప్పుడు విని గుర్తుపట్టేవారు? ఇంజనీర్లు తమ వ్రాతలలో ప్రేలుళ్ళ లెక్కలు వ్రాసినారు, రాతిగోడలు ఎట్లా కట్టి కప్పును ఆపవలెనో వ్రాసినారు. ఆ గోడను కట్టిన చేతికి తెలిసినది మాత్రం ఎక్కడా అచ్చు కాలేదు. వికీపీడియాలో మన తాత చెప్పినాడని వ్రాస్తే 'ఆధారం?' అని చిన్న అక్షరాలతో ఒక గుర్తు తగిలిస్తారు. కొన్నాళ్ళకు ఆ వాక్యాన్ని తీసివేసినా అడిగే హక్కు మనకు లేదు.

ఇది అన్యాయమని కొందరంటారు. మేము అట్లా అనము. తాతల మాటలకు తలుపు తెరిస్తే, లేనిపోని తాతలను పుట్టించి వ్రాసేవారు వేలమంది వస్తారు. మన ఊరి విషయంలోనే చూడండి: 2018లోను 2022లోను వచ్చిన సినిమాలు చూచినవారు ఈ గనులను దొంగ ముఠాలూ, బానిసలూ ఏలిన కోట అనుకొంటున్నారు. అది కల్పన. జాన్ టేలర్ కంపెనీ పేరు వినని పిల్లవాడు సినిమాలోని పాత్రను చరిత్రపురుషుడనుకొని వ్యాసంలో చేరిస్తే, దానిని తీసివేయడానికి పనికివచ్చేది ఈ ఆధారపు కట్టుబాటే. ఊరి వ్యాసంలో తెలుగువాడు తెలుగును, తమిళుడు తమిళాన్ని, కన్నడిగుడు కన్నడాన్ని ముందుపెట్టి ఒకరి మాట ఒకరు చెరుపుకొంటూ కూర్చుంటే, ఆ వాదం జనాభా లెక్కల పుస్తకం తెచ్చి చూపినప్పుడుగాని ఆగదు. బంగారపేట పేరులోనే బంగారమున్నదని పొంగిపోయి వ్రాసేవాడికి, అది మొదట మైసూరు కమిషనరు బౌరింగ్ దొర పేరిట బౌరింగ్‌పేట అని చూపవలసినదీ అచ్చుకాగితంతోనే.

అయితే ఈ కట్టుబాటువలన, అచ్చుయంత్రం ఉన్నవారి చరిత్ర ఎక్కుతుంది, లేనివారిది ఎక్కదు అన్న ఆక్షేపణలో సత్యమున్నది. దీనిని వికీపీడియావారిలోనే కొందరు గుర్తించినారు. 2011లో బెంగుళూరు వాసి అచల్ ప్రభల, పల్లెవాసుల నోటిమాటలను ధ్వనిముద్రణ చేసి వానినే ఆధారాలుగా చూపవచ్చునా అని పరీక్షించే ప్రయత్నం ఒకటి నడిపినారు. మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడి, ఈ మూడు భాషలలో ఊరి ఆటలు, ఆచారాలవంటి సంగతులమీద ఆ పని జరిగినది. తెలుగు అందులో లేదు. దానిపై వాదప్రతివాదాలు చాలా జరిగినవి. సాధారణపు నియమం మాత్రం మారలేదు. నోటిమాట ముందు ఎక్కడో అచ్చుకావలె, తరువాతనే వికీ గడప తొక్కవలె.

ఎక్కడో అంటే ఎక్కడ? ఇదిగో, మన సంఘంవారి సంచికవంటి చోట. పెద్ద చరిత్రకారులు దీనిని గొప్ప ఆధారమని ఒప్పుకొనరు. వివాదమున్న సంగతులకు ఇది చాలదు, చాలరాదు కూడ. కాని ఫలానా వీధిలో తెలుగు బడి ఉండెనన్నదీ, ఫలానా షాఫ్టులో తెలుగు పనివారు ఎక్కువన్నదీ, పండుగనాడు ఏ గుడి దగ్గర ఏ నాటకం ఆడేవారన్నదీ, పేరు పెట్టి, ఏడు పెట్టి, చూచినవారెవరో చెప్పి అచ్చు వేస్తే, రేపటి లావెల్ చదువుకొనడానికి ఒక కాగితమైనా ఉంటుంది. కైవారం నారాయణప్పగారు ఈ సీమలోనే ఉండి తెలుగులో తత్వాలు పాడినారు. శిష్యులు వ్రాసిపెట్టబట్టి అవి నేటికీ దక్కినవి.

పాత సంచికలను ఏమి చేయవలెనని కొందరు మిత్రులు అడుగుతున్నారు. వికీపీడియాకు సోదర సంస్థ వికీసోర్సు అని ఉన్నది, తెలుగులోనూ నడుస్తున్నది. హక్కుల గడువు తీరిన పుస్తకాల పుటలను ఫోటోలు తీసి అక్కడ పెడితే, పదుగురు కూర్చొని అక్షరాలు ఎత్తివ్రాస్తారు. ఒకరు వ్రాసినదానిని మరొకరు సరిచూస్తారు. మన 1957 నాటి చట్టం ప్రకారం గ్రంథకర్త మరణించిన పిమ్మట అరువది ఏండ్లు గడువు. ఇంకా గడువున్న వ్రాతలకు వ్రాసినవారో, వారి వారసులో అనుమతి పత్రం ఇవ్వవలె. ఛాయాచిత్రాలకు కామన్స్ అనే వేరొక భాండాగారం ఉన్నది. గనిలోకి దిగే ముందు తలదీపాలతో నిలిచిన పటాలు, రాబర్ట్‌సన్‌పేట అంగళ్ళ పటాలు, పనివారి బడి పటాలు మన ఇండ్లలో గోడలమీద చెదలు పడుతున్నవి. పటం వెనుక సీసపుకడ్డీతో పేర్లు వ్రాసి ఉంటే ఆ వెనుకభాగాన్ని కూడ ఫోటో తీయవలె. పేర్లు తెలిసిన పెద్దలు ఇంట్లో ఉండగానే వ్రాయించుకొంటే మరీ మంచిది.

బెంగుళూరుకు దినమూ రైలులో పోయివచ్చే మన యువకులకు పోనురాను నాలుగు గంటలు చేతిలోనే ఉన్నవి, చేతిలో యంత్రమూ ఉన్నది. తెలుగు వికీపీడియాలో మారికుప్పం, ఆండర్సన్‌పేట, ఛాంపియన్ రీఫ్స్ అని వెదకి, ఏమున్నదో, ఏమి లేదో వారు చూచి వస్తే, రాబోయే సంచికకు ఏయే సంగతులు సేకరించవలెనో తేల్చుకొనడానికి వీలవుతుంది. తొంబది దాటిన గని పనివారు మన వీధులలో ఇంకా కొందరున్నారు. వారిలో ఒకరిద్దరు చెవులు వినబడవని చెప్పినారు. మాట మాత్రం స్పష్టంగా ఉన్నది.